చూలైలో చీటీలు తీసిన రోజు

మేము చెన్నై ఎందుకు వెళ్లామో ముందు చెప్పాలి. గుడులు చూడ్డానికీ కాదు, చీరలు కొనడానికీ కాదు.

ఒంగోలుకు దగ్గరలో ఒక చిన్న పట్టణం మాది. పొగాకు గ్రేడింగు పనివాళ్ల కోసం మా నాన్న రోజుల్లో కట్టించిన కాలనీలో పుట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. ఊరి గ్రంథాలయంలో సహాయకురాలిని. ఈ వేసవిలో మా గోడలకు నోటీసులు అంటించారు. భవనాలు పాడుబడ్డాయి, కూల్చేస్తాం, బదులుగా బైపాసుకు అవతల ఇళ్లు ఇస్తాం అని. ఆ చోటు నేను చూశాను. బస్సు లేదు, బడి లేదు, తుమ్మచెట్లు మాత్రం ఉన్నాయి.

కాలనీలో మీటింగు పెట్టుకున్నాం. కొందరు ఏడ్చారు, కొందరు కోర్టుకు పోదామన్నారు. పెళ్లికార్డుల షాపు నడిపే శేషగిరి మాత్రం, "మద్రాసులో పాత ఇళ్లు పడగొట్టి, అక్కడే కట్టి, వాళ్లకే తిరిగి ఇస్తున్నారు. చూలైలో నాకు సరుకిచ్చే ఆయన ఇల్లే అట్టా కట్టారు" అన్నాడు. నిజమో కాదో కళ్లారా చూసి రమ్మని ఇద్దరిని పంపాలనుకున్నారు. రాతకోతలు తెలుసని నన్నూ, నోరున్న మనిషని ఖాసింబక్కనూ ఎంచారు. ఖాసింబక్కకు యాభై అయిదేళ్లు. కాలనీ మొగలో ఇడ్లీబండి ఆమెదే.

నాలుగు రోజులు ఉండి వచ్చాం. వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదటి రోజు: చూలై

సెంట్రల్ స్టేషన్ నుంచి చూలై ఎంతో దూరం లేదు. ఆటో అతను మొదట మూడు వందలన్నాడు. ఖాసింబక్క అతన్ని అలా చూస్తూ నిలబడింది. నూట ఇరవైకి దిగాడు. "నేను ఏం మాట్లాళ్లేదే!" అని దారంతా నవ్వుకుంది.

సందుల్లో అడుగడుగునా చిన్న చిన్న కార్ఖానాలు. ఒకచోట ఇత్తడి గొళ్లేలు, ఒకచోట అట్టపెట్టెలు, ఇంకోచోట పెళ్లికార్డుల మీద బంగారు రంగు అద్దే యంత్రం. ఆ యంత్రం శేషగిరికి సరుకిచ్చే ఆయనదే. దాని వెనకున్న గదిలో ఆయన పాత బ్లాకు పొరుగువాళ్లు ఉంటున్నారు, ఆదిలక్ష్మి, ఆమె భర్త మునిరత్నం. ఆయన పుస్తకాలు బైండు చేసే పనివాడు. చక్కెర జబ్బు ముదిరి ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. గోడకు ఆనుకుని కూర్చుని, చంకకర్రలు పక్కన పెట్టుకుని కార్డులు మడతపెడుతున్నాడు.

"రాండి, రాండి. చెప్పులు ఈడనే ఇడవండి. కాఫీ తాగతారా, మజ్జిగ తాగతారా?" అంది ఆదిలక్ష్మి. వాళ్ల ముత్తాతల నాడే ఇక్కడ స్థిరపడ్డారట. "మా ఇంట్లో పెద్దోళ్లమే తెలుగు. పిల్లోళ్లకి అరవమే ముందు వస్తాది. మేం తెలుగులో తిడితే వాళ్లు అరవంలో జవాబు చెప్తారు."

కాఫీ ఇత్తడి గ్లాసులో వచ్చింది. మా ఊళ్లో సగం పాలూ సగం నీళ్లతో తాగే కాఫీ ఇంతకాలం ఎందుకు తాగానా అనిపించింది.

వాళ్లు ముప్పై ఏళ్లకు పైగా ఉన్న మూడంతస్తుల పాత బ్లాకును పడగొట్టి ఎనిమిదంతస్తులు కట్టారు. కట్టినన్నాళ్లూ ఈ గదిలో అద్దెకున్నారు. నాలుగో రోజున కల్యాణ మండపంలో చీటీలు తీసి ఎవరికి ఏ ఇల్లో తేలుస్తారట.

"మరి ఇల్లు ఇస్తారని నమ్మి ఖాళీ చేశారా?" అని అడిగాను.

"నమ్మి యాడ చేస్తాం?" అంది ఆదిలక్ష్మి. "ఆడోళ్లమంతా మెట్ల మీద కూర్చున్నాము. ఇదే జాగాలో, ఇదే కుటుంబాలకి ఇస్తామని రాసి సంతకం పెట్టండి, అప్పుడు సామాన్లు దించుతామని చెప్పినాము. పన్నెండు దినాలు కూర్చున్నాము. పదమూడో దినం కాయితం వచ్చింది."

రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో దాచిన ఆ కాగితం తెచ్చి చూపించింది. అరవంలో ఉంది. ఆమె ఒక్కో వాక్యం చదివి చెబుతుంటే నేను తెలుగులో రాసుకున్నాను. ఫోటో తీసుకోవచ్చు కదా అన్నాడు మునిరత్నం. తీసుకున్నాను, అయినా రాశాను. చేత్తో రాస్తే ఏ మాట ఎందుకు పెట్టారో తెలుస్తుంది. "ఇదే జాగాలో" అన్న మాట పైన నా పెన్ను కాసేపు ఆగింది. మా నోటీసులో ఆ మాట లేదు.

రెండో రోజు: షోళింగనల్లూరు దాటి

పొద్దున ప్రభుత్వ క్యాంటీన్లో తిన్నాం. ఇడ్లీ రూపాయి. ఖాసింబక్క దాన్ని తినకముందు వేలితో నొక్కి చూసింది, తుంచి వాసన చూసింది. వడ్డిస్తున్న ఆడవాళ్లు పని ఆపి ఈమెనే చూస్తున్నారు. "మినప్పప్పు తగ్గించారు గానీ పిండి బాగా పులిసింది. రూపాయికి ఇంతకంటే ఎవురూ ఇయ్యలేరు" అని తీర్పు చెప్పి ఇంకో నాలుగు పెట్టించుకుంది.

ఆ తర్వాత, ఊరవతలికి తరలించినవాళ్లు ఎలా ఉన్నారో చూడ్డానికి మామూలు సిటీ బస్సెక్కాం. ఆడవాళ్లకు టికెట్ లేదు. మాకూ వచ్చిన సౌకర్యమే గానీ, ఇక్కడ పనికి పోయే ఆడవాళ్లు దాన్ని ఎంత అలవాటుగా వాడుకుంటారో చూడాలి. నాలుగు స్టాపులకు దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, చేతుల్లో చీపుళ్లు, టిఫిన్ డబ్బాలు.

షోళింగనల్లూరులో రోడ్డుకు రెండు వైపులా అద్దాల ఆఫీసులు. దారి అడగడానికి ఆగితే, మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న అమ్మాయి తెలుగులోనే జవాబిచ్చింది. ఖమ్మం అమ్మాయి. తను ఉండే హాస్టల్ గదిలో ముగ్గురట. "ఒక్క మంచానికే తొమ్మిది వేలు కడుతున్న ఆంటీ. మీరు పోయే బిల్డింగుల నుంచే మా ఆఫీసుకు క్లీనింగుకు వస్తరు. ఆ పక్కకు షేర్ ఆటో ఎక్కుండ్రి" అంది.

ఊరి మధ్యలో కాలువ గట్టున గుడిసెల్లో ఉన్నవాళ్లను తెచ్చి పెట్టిన బ్లాకులు అవి. చూపు ఆనినంత మేరా ఒకే రంగు, ఒకే ఎత్తు, ఒకే కిటికీలు. ఆదిలక్ష్మి చిన్ననాటి నేస్తం నాగమ్మ ఏడో అంతస్తులో ఉంటుంది. లిఫ్ట్ తలుపు మీద సుద్దతో ఏదో రాసి ఉంది, నాలుగు నెలల కిందటి తేదీ. మెట్లెక్కాం. మూడో అంతస్తులో ఒకసారి, అయిదులో ఒకసారి కూర్చున్నాం. ఏడో అంతస్తులో తలుపు తీసిన పెద్దాయన నాగమ్మ ఎవరో తనకు తెలియదన్నాడు. మేము పక్క బ్లాకు ఎక్కేశాం!

దిగి, మళ్లీ ఏడంతస్తులు ఎక్కేసరికి ఖాసింబక్క ముఖం నల్లబడింది. నాగమ్మ తలుపు దగ్గరే ఆమె చేయి పట్టుకుని కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

"మీరు ఒగసారి తప్పినారు. నేను వచ్చిన కొత్తలో నా ఇంటికే నేను తప్పి పోతా ఉండినాను" అంది నాగమ్మ.

చేపల పులుసు పెట్టింది. చింతపండు ఎక్కువ, కారం తక్కువ, కొబ్బరి నూరి వేసింది. తింటూ మాట్లాడుకున్నాం. ఇల్లు బాగానే ఉంది, ఒక గది, వంటిల్లు, లోపలే దొడ్డి. వానకు భయం లేదు. అది మొదట చెప్పింది నాగమ్మే. తర్వాత మిగతావి చెప్పింది. పాతచోట నాలుగిళ్లలో పని చేసేది, నడిచి పోయేది. ఇక్కడి నుంచి పోను రాను నాలుగు గంటలు. రెండిళ్లు వదిలేసింది. మనవరాలిని బడి సంవత్సరం మధ్యలో మార్చాల్సి వచ్చింది. ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే నెలకు వెయ్యి రూపాయలు షేర్ ఆటోలకే పోతున్నాయి.

"మా అత్త పోయిన సంవత్సరం పక్షవాతం వచ్చి పడిపోయింది. అప్పుడూ లిఫ్ట్ చెడిపోయే ఉండింది. దుప్పట్లో పడుకోబెట్టి నలుగురు మోసినారు. అయిదో అంతస్తు కాడ వాళ్లకి చేతులు జారినాయి" అంది. "బతికింది. కానీ ఆ దినం నుంచి ఇల్లు దాటి రాలా. ఎనిమిది నెలలాయ."

లోపలి గదిలో, కిటికీ పక్క మంచం మీద ముసలమ్మ మా వైపు చూసి తలూపింది.

"మీరు ఏమైనా రాయించుకునేటట్టుంటే ఇది కూడా రాయించండి" అంది నాగమ్మ నా పుస్తకం వైపు చూపించి. "లిఫ్ట్ చెడిపోతే ఎవురు బాగు చెయ్యాల, ఎన్ని దినాల్లో చెయ్యాల. బస్సు వచ్చినాకనే మనుషుల్ని తేవాల. పిల్లోళ్ల బడి సెలవుల్లోనే ఇల్లు మార్చాల."

మూడూ రాసుకున్నాను. దిగేటప్పుడు ఖాసింబక్క మెట్లు లెక్కపెట్టింది. కింద నిలబడి, "నా ఇడ్లీపాత్ర ఈడకి ఎవురెక్కిస్తారు పద్మా?" అంది. ఆ రోజు అదొక్కటే ఆమె నవ్వకుండా అన్న మాట.

మూడో రోజు: కోడంబాక్కం

ఆదిలక్ష్మి మమ్మల్ని సబర్బన్ రైల్లో కోడంబాక్కం తీసుకెళ్లింది. సినిమావాళ్లు కనిపిస్తారేమోనని ఖాసింబక్క మంచి చీర కట్టుకుంది. కనిపించింది సినిమాలకు బట్టలు కుట్టి కుట్టి చూపు మందగించిన సరోజ.

సరోజ చూలై పాత బ్లాకులో ఆదిలక్ష్మికి ఎదురింటిలో పంతొమ్మిదేళ్లు ఉంది, కానీ అద్దెకు. ఇల్లు రాయించుకున్న ఆసామి ఎక్కడో వేరే పేటలో ఉంటాడు, నెలనెలా వచ్చి అద్దె పట్టుకుపోయేవాడు. బ్లాకు ఖాళీ చేయించినప్పుడు ఇళ్లు మారడానికిచ్చే సాయం ఆయనకే వచ్చింది, రేపటి చీటీ కూడా ఆయనదే. ఈమెకు ఏమీ లేదు. ఇప్పుడు ఒక మేడమీద రేకుల గదిలో, కుట్టు మిషను పక్కనే మంచం వేసుకుని ఉంది.

మాకు రాగి జావ ఇచ్చి, నంజుకోడానికి చిన్న ఉల్లిపాయలు పెట్టింది. ఎండకు హాయిగా ఉంది.

"మెట్ల మీద పన్నెండు దినాలూ ఈమె కూడా కూర్చునిందమ్మా" అంది ఆదిలక్ష్మి తలొంచుకుని. "మాకు వంట చేసి పెట్టింది కూడా. కాయితంలో 'కుటుంబాలు' అని ఉంటే అందరికీ వస్తాదనుకున్నాము. వాళ్ల లెక్కలో ఉండేది పట్టా ఉండే కుటుంబాలని మాకు తరవాత తెలిసింది."

సరోజ ఆమెను ఒక్క మాట అనలేదు. నావైపు తిరిగింది. "మీ కాలనీలో ఎన్ని ఇండ్లమ్మా?"

"అరవై రెండు."

"అద్దెకుండేవాళ్లు?"

గ్లాసు కింద పెట్టాను. ఎంతమందో నాకు తెలుసు. ఇక్కడికి రాకముందు ఆఫీసులో ఇచ్చిన వినతిపత్రానికి జాబితా రాసింది నేనే. ఎవరి పేరున ఇల్లుందో వాళ్ల పేర్లే రాశాను. వరండాల్లో, వెనక గదుల్లో అద్దెకుండే పదిహేడు కుటుంబాలను రాయలేదు. వాళ్లను కలిపితే అసలుకే మోసం వస్తుందని మీటింగులో కొందరన్నారు. గట్టిగా అన్నవాళ్లలో ఖాసింబక్క ఒకరు. ఆమె వెనక గదిలో సుబ్బులు అనే గ్రేడింగు పనామె ఇద్దరు పిల్లలతో ఉంటుంది. నేను నోరెత్తకుండా రాసేశాను.

"ఉన్నారు" అన్నాను. "రాయలేదు."

సరోజ తలూపింది. మా గ్లాసుల్లో ఇంకొంచెం జావ పోసింది.   తిరుగు రైల్లో ఖాసింబక్క మంచి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

నాలుగో రోజు: కల్యాణ మండపం

మా చుట్టాలని చెప్పి ఆదిలక్ష్మి మమ్మల్ని లోపలికి తీసుకెళ్లింది. మండపంలో వేదిక మీద బల్ల, బల్ల మీద రెండు స్టీలు బిందెలు. ఒకదాంట్లో పేర్లు, ఇంకోదాంట్లో ఇంటి నంబర్లు. అధికారి నలభై ఏళ్ల మనిషి, మెత్తగా మాట్లాడతాడు. అందరికీ సమానంగా, ఎవరి సిఫారసూ లేకుండా చీటీలు తీస్తామని అరవంలో చెప్పాడు. చప్పట్లు కొట్టారు.

ఆదిలక్ష్మి చప్పట్లు కొట్టలేదు. లేచి నిలబడింది.

"అయ్యా, మా ఆయనకు ఒక కాలు లేదు. ఎనిమిదో అంతస్తు వస్తే ఏం చెయ్యాల?" అని అడిగింది. తర్వాత మాకు చెప్పింది గానీ, అర్థం అప్పుడే అయింది.

లిఫ్ట్ ఉంది కదమ్మా అన్నాడాయన. చీటీలు తీశాక మీలో మీరు మార్చుకోండి అన్నాడు. కింది అంతస్తు వచ్చినవాళ్లు ఎందుకు మార్చుకుంటారని ఇంకో ఆమె లేచింది. మెట్లెక్కలేనివాళ్ల పేర్లు ముందే విడిగా తీసి, వాళ్లకు కింది అంతస్తుల్లోనే చీటీలు వేయాలని అడిగింది. రూల్సులో అలా లేదని ఆయన, అలా రాసిస్తే తప్ప బిందెలో చెయ్యి పెట్టం అని వీళ్లు. వెనక వరుసల్లో కొందరు మగవాళ్లు విసుక్కున్నారు. రెండున్నరేళ్లు ఆగాం, ఇంకా ఎందుకు ఆపుతారని అరిచారు.

అప్పుడు ఖాసింబక్క లేచింది. నేను కొంగు లాగాను. విదిలించుకుంది.

"బాబూ, నాకు మీ భాష రాదు. ఈమె చెప్పుద్ది" అని ఆదిలక్ష్మి భుజం మీద చేయి వేసింది. "మొన్న నేను ఏడంతస్తులు రెండుసార్లు ఎక్కాను. ఆడ లిఫ్ట్ నాలుగు నెలల్నుంచి పన్జేయట్లా. ఒక ముసలామెను దుప్పట్లో మోసుకొస్తా జారవిడిచారంట. ఎనిమిది నెలల్నుంచి ఆమె నేల మీద కాలు పెట్టలేదు. ఆడ కూడా లిఫ్ట్ ఉందనే చెప్పుంటారు."

ఆదిలక్ష్మి ఒక్కో ముక్కా అరవంలోకి మార్చింది.  వెనక వరుసల్లో అరిచినవాళ్లు కూర్చున్నారు.

మీరు ఏ ఇంటివాళ్లు అని అధికారి అడిగాడు.

"మాది ఒంగోలు పక్క. రేపో మాపో మాకూ ఇట్టాంటి బిందె పెడతారు. నేర్చుకుందామని వచ్చాం."

బయటివాళ్లు కూర్చోవాలన్నాడు. ఖాసింబక్క కూర్చుంది. కానీ చీటీ తీయడానికి వేదిక మీదకు పిలిచిన మొదటి ఆమె వెళ్లలేదు. రెండో ఆమె వెళ్లలేదు. మూడో పేరుకు ఒక మగమనిషి లేచాడు గానీ, పక్కనున్న భార్య ఆయన చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. మధ్యాహ్నం దాటింది. ఎవరో పులిహోర పొట్లాలు తెచ్చారు, అధికారికీ ఒకటి ఇచ్చారు. ఆయన తింటూనే రెండుసార్లు బయటికెళ్లి ఫోన్లో మాట్లాడాడు.

మూడు గంటలకు ఆయన తెల్లకాగితం తీసుకుని, మెట్లెక్కలేనివాళ్లు ఎవరెవరో చెప్పమన్నాడు. పదకొండు కుటుంబాలు తేలాయి. కింద ఉన్నవి ఎనిమిదే ఇళ్లు. మళ్లీ చిక్కు. వాళ్లలో వాళ్లే ఒక మూల చేరి మాట్లాడుకున్నారు. మోకాళ్ల నొప్పులున్న ముగ్గురు మొదటి అంతస్తు చాలని ఒప్పుకున్నారు. అధికారి అదంతా రాసి సంతకం పెట్టాడు. ఆ పదకొండు పేర్లూ బిందెలోంచి తీసేశాకే మిగతా చీటీలు మొదలయ్యాయి. మునిరత్నానికి కింద మూడో నంబరు ఇల్లు వచ్చింది. తాళంచెవి ఇంకా ఇవ్వలేదు. నంబరు రాసిన చీటీనే చొక్కా జేబులో పెట్టుకుని, మాటిమాటికీ తడుముకున్నాడు.

సరోజ కూడా వచ్చింది. పేరు లేదు కాబట్టి లోపలికి రానివ్వలేదు, గేటు దగ్గరే నిలబడింది. చీటీలు అయ్యాక ఆదిలక్ష్మి, మరో పదిమంది ఆడవాళ్లు అధికారిని ఆమె దగ్గరకు తీసుకొచ్చారు. అద్దెకున్నవాళ్ల సంగతి తన చేతుల్లో లేదని ఆయన నిజమే చెప్పాడు. అర్జీ ఇస్తే పైకి పంపుతానన్నాడు. సరోజ ముందే రాసి తెచ్చుకుంది. ఆయన తీసుకుని, నకలు మీద ముద్ర వేసి ఇచ్చాడు. ఆమెకు దక్కింది అంతే. "పంతొమ్మిదేండ్లలో నేను ఆ ఇంట్లో ఉండినానని ముద్ర పడింది ఇదే మొదలు" అంది సరోజ.

ఇంటికి

రైలు గూడూరు దాటాక ఖాసింబక్క అద్దెవాళ్ల మాట ఎత్తింది.

"సుబ్బులు ఆరేళ్లయి నా ఇంట్లో ఉంటంది. నాకు జొరమొస్తే బండి నడిపింది ఆమే" అంది. నా వైపు తిరిగి, "నువ్వెందుకు రాయలేదు ఆ పేర్లు? నేనంటే అన్నాను. చదువుకున్నదానివి నువ్వు" అంది.

"నువ్వంటే భయమక్కా" అన్నాను. నిజమే అది. మీటింగులో అందరి ముందూ మాటపడాలంటే భయం. ఆమె నా మోకాలి మీద ఒక దెబ్బ వేసింది.

మర్నాడు కాలనీలో మళ్లీ మీటింగు. చూసినవన్నీ చెప్పాను. 'ఇదే జాగాలో' అన్న మాట, లిఫ్ట్, బస్సు, బడి సెలవులు, కింది అంతస్తులు. అన్నిటికీ తలలూపారు. అద్దెవాళ్ల మాట ఎత్తగానే గోల మొదలైంది. "వాళ్లని కలిపితే ఇళ్లు సరిపోవు" అన్నాడు శేషగిరి. "సరిపోవని ఇప్పుడే మనమే చెప్పేస్తే, రేపు వాళ్లు మనకి కూడా అదే చెబుతారు" అన్నాను. నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు. ఖాసింబక్క లేచి, గుంపు చివర గోడకానుకుని నిలబడ్డ సుబ్బులును చేయి పట్టుకుని ముందుకు తెచ్చింది. "ముందు ఈమె పేరు రాయి" అంది. ముగ్గురు లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ఉన్నారు. సాయంత్రానికి పదిహేడు పేర్లూ రాశాను, ఎన్నేళ్లుగా ఉంటున్నారో, పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో పక్కనే రాశాను. వెళ్లిపోయిన ముగ్గురిలో ఇద్దరు పొద్దున వచ్చి సంతకాలు పెట్టారు. శేషగిరి పెట్టలేదు.

సోమవారం, నోటీసులిచ్చిన ఆఫీసుకు అరవైమందిమి నడిచి వెళ్లాం. గుమాస్తా మా కొత్త అర్జీని పాతదాని పక్కన పెట్టి, పేజీలు తిప్పి చూశాడు.

"పోయినసారి అరవై రెండే కదమ్మా. నెల తిరక్కుండా ఇన్ని ఎట్లా పెరిగాయి?"

"పెరగలేదండీ" అన్నాను. "పోయినసారి నేను తప్పు రాశాను."

ఆయన నా ముఖం చూశాడు, నా వెనక వరండా నిండా నిలబడ్డవాళ్లను చూశాడు. ముద్ర వేశాడు.